కాస్‌ప్లే డ్రస్సుకి ఏ సైజు పెట్టాలి? ఎత్తు ప్రకారం ఎమ్, టీషర్టు ప్రకారం ఎల్, రివ్యూల్లో ఇంకా పెద్దది అంటున్నారు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. శ్రీకాకుళంలో బీటెక్ చదువుతున్నారు. హైదరాబాద్ కామిక్ కాన్‌కి (కామిక్స్, సినిమాల అభిమానులు కలిసే ఉత్సవం) కాస్‌ప్లేలో, అంటే నచ్చిన పాత్ర వేషంలో వెళ్ళాలని మొదటిసారి ఒక యానిమే (జపాన్ యానిమేషన్) పాత్ర డ్రస్సు ఆర్డర్ పెడుతున్నారు. నిలువు కాలర్ ఉన్న యూనిఫాం కోటు, వదులు ప్యాంటు, పైన హావోరి (ముందు తెరిచి ఉండే వదులు జపాన్ అంగీ), విగ్గు. మీ ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, ఛాతీ 38, నడుము 34, షోల్డర్ 17న్నర. చార్టులో ఎత్తు చూస్తే ఎమ్ వస్తోంది, రోజూ వేసుకునే టీషర్టు ఎల్, రివ్యూలు రాసినవాళ్ళేమో రెండు సైజులు పెంచి తీసుకోమంటున్నారు.

ఎక్స్‌ఎల్ పెట్టండి. మీరు ఫొటో పెట్టిన చార్టును బట్టే చెప్తున్నాను. వేరే షాపులో ఇదే డ్రస్సు చూస్తే ఈ జవాబు మారిపోవచ్చు. అందుకే ఎక్స్‌ఎల్ ఎందుకో కూడా వివరంగా రాస్తున్నాను. నేను విజయనగరంలో నాటకాల డ్రస్సులు, డాన్సు డ్రస్సులు, స్కూలు పిల్లల ఫ్యాన్సీ డ్రస్సులు కుట్టి అద్దెకిచ్చే పనిలో ఉన్నాను. కొన్నేళ్ళుగా ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కాస్‌ప్లే డ్రస్సులు ఆల్టరేషన్‌కి బాగా వస్తున్నాయి. వాటిలో చాలావరకు చిన్నవైపోయి వచ్చేవే. పెద్దవైతే గంట పని. చిన్నవైతే చాలాసార్లు చేసేదేమీ ఉండదు, తెచ్చినవాళ్ళ ముఖం చూడలేక బాధేస్తుంది.

ముందు చార్టు సంగతి. ఆన్‌లైన్ చార్టులు రెండు రకాలు. ఒకటి మనిషి ఒంటి కొలత: "మీ ఛాతీ ఇంతుంటే ఈ సైజు" అని. రెండోది గుడ్డ కొలత: డ్రస్సును బల్ల మీద పరిచి టేపు పెడితే ఎంతొచ్చిందో అది. ఏది ఏదో చాలామంది అమ్మకందారులు రాయరు. కానీ కనిపెట్టడం తేలికే. మీ చార్టులో ఛాతీ పక్కనే "కోటు పొడవు", "చేతి పొడవు" గడులున్నాయి. ఒంటికి కోటు పొడవు అనే కొలత ఉండదు కదా. కాబట్టి అవి గుడ్డ కొలతలు. ఛాతీ దగ్గర "94-98" అని రెండంకెలు వేసి, పక్కన ఎత్తు, బరువు మాత్రమే ఇస్తే అది ఎక్కువగా ఒంటి కొలతై ఉంటుంది. అప్పటికీ అనుమానంగా ఉంటే అమ్మేవాళ్ళకి మెసేజ్ పెట్టి అడగండి.

మీ ఛాతీ 38 అంగుళాలంటే 96.5 సెంటీమీటర్లు (అంగుళానికి 2.54). చార్టులో ఎమ్ 98, ఎల్ 102, ఎక్స్‌ఎల్ 106. ఎమ్‌లో మీకు మిగిలే వదులు ఒకటిన్నర సెంటీమీటరు. బొత్తాం పెట్టి నిండుగా ఊపిరి పీలిస్తే చాలు, కుట్టు లాగేస్తుంది. ఎల్‌లో రెండంగుళాల పైన వదులుంటుంది, నిలబడి ఫొటో దిగడానికి సరిపోతుంది. కానీ మీ పాత్ర కత్తి పట్టుకునే పాత్ర. చెయ్యి పైకెత్తి పోజిస్తే వీపు పట్టేస్తుంది, కోటంతా పైకి లేచిపోతుంది. సాగని గుడ్డతో కుట్టిన కోటుకి, లోపల బనియనో చొక్కానో వేసుకునేటప్పుడు, ఒంటి మీద మూడున్నర నుంచి నాలుగంగుళాల వదులు ఉండాలి. ఎక్స్‌ఎల్‌లో మీకు దాదాపు అంతే వస్తుంది. పైగా చార్టు కింద చిన్న అక్షరాల్లో "1 నుంచి 3 సెంటీమీటర్లు తేడా ఉండవచ్చు" అని రాసి ఉంది. ఆ తేడా చిన్నవైపు వస్తే ఎల్ కాస్తా ఎమ్ అయిపోతుంది.

మీ టీషర్టు ఎల్ అన్నది ఇక్కడ పనికిరాదు. టీషర్టు సాగుతుంది, కోటు సాగదు. ఎత్తు, బరువు గడులు కూడా వదిలేయండి. ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్న ఇద్దరిలో ఒకరికి భుజాలు, ఇంకొకరికి పొట్ట ఉండొచ్చు.

ఇంకో సంగతి మీ కొలతల్లోనే ఉంది. చైనా బట్టల మీద లోపల చిన్న లేబుల్‌పై "170/92ఎ" లాంటి గుర్తుంటుంది. 170 సెంటీమీటర్ల ఎత్తు, 92 సెంటీమీటర్ల ఛాతీ, ఆ చివరి అక్షరం ఒంటి తీరు అని దాని లెక్క. ఛాతీకి, నడుముకి మధ్య తేడా మగవాళ్ళలో 12-16 సెంటీమీటర్లుంటే ఎ, 7-11 ఉంటే బి. మీ ఛాతీ 96.5, నడుము 86. తేడా పది, అంటే మీరు బి. మామూలు సైజులు ఎక్కువగా ఎ రకం ఒంటికి తగ్గట్టు కోస్తారు. అందుకే మనవాళ్ళలో చాలామందికి ఛాతీ సరిపోయినా పొట్ట దగ్గర బొత్తాం లాగుతుంది. మీరు ఎల్ తీసుకుంటే ముందు పట్టేసేది అక్కడే.

పెద్దది తగ్గించొచ్చు, చిన్నది పెంచలేం అని అందరూ అంటారు. ఎందుకో కళ్ళతో చూడాలంటే ఇంట్లో ఉన్న టైలర్ చొక్కా ఒకటి లోపలి వైపు తిప్పండి. పక్క కుట్టులో గుడ్డ వదిలి ఉంటుంది, రేపు ఒళ్ళొస్తే విప్పుకోవడానికి. ఫ్యాక్టరీ కాస్‌ప్లే డ్రస్సు తిప్పితే కుట్టు పక్కన మిగిలేది ఒక సెంటీమీటరు, అది కూడా పోగులు రాకుండా అంచుకి ఓవర్‌లాక్ కుట్టు కొట్టేసి ఉంటుంది. విప్పడానికేం లేదు. ఒకవేళ ఉన్నా, రెగ్జిన్, వెల్వెట్, శాటిన్ లాంటి వాటి మీద పాత కుట్టు గీత అలాగే కనిపిస్తుంది. రెగ్జిన్ మీద సూది బెజ్జం పడిందంటే ఇక పోదు.

కానీ పెద్దది తీసుకోవడానికి కూడా ఒక హద్దుంది. ఆ హద్దు భుజం. నడుము, పక్కలు, ప్యాంటు పొడవు ఇవన్నీ ఏ టైలరైనా సర్దుతాడు. షోల్డర్ తగ్గించాలంటే చెయ్యి మొత్తం విప్పి, చంక రౌండు మళ్ళీ కోసి, చెయ్యి మళ్ళీ ఎక్కించాలి. కోటుకైతే లైనింగు కూడా విప్పాలి. దానికి డ్రస్సు ఖరీదులో మంచి భాగమే అడుగుతారు, అడగడం న్యాయం కూడా. మీ షోల్డర్ 44.5 సెంటీమీటర్లు, ఎక్స్‌ఎల్ షోల్డర్ 46. ఒక్కో వైపు ముప్పావు సెంటీమీటరు ఎక్కువ, అంతే. లోపల పల్చటి షోల్డర్ ప్యాడ్ వేస్తే నిండుగా, యూనిఫాంలాగే కనబడుతుంది. అదే డబుల్ ఎక్స్‌ఎల్ షోల్డర్ 47.5. అప్పుడు చేతి కుట్టు భుజం దాటి కిందకి జారుతుంది, అన్నయ్య కోటు వేసుకున్నట్టుంటుంది. రివ్యూల్లో "రెండు సైజులు పెంచండి" అన్నదాన్ని ఎల్ నుంచి లెక్కపెట్టుకోవద్దని చెప్పేది ఇందుకే. వాళ్ళు ఏ సైజు నుంచి రెండు పెంచారో ఎవరూ రాయరు. ఒంటి కొలతలు రాసి, వేసుకున్న ఫొటో పెట్టిన రివ్యూలు మాత్రం శ్రద్ధగా చూడండి.

ఎక్స్‌ఎల్ 175-180 ఎత్తువాళ్ళకని కోసింది. మీరు 168. కాబట్టి కోటు, చేతులు, హావోరి మీకు పొడవు అవుతాయి. ఇది ముందే తెలిసిన సంగతి కాబట్టి కంగారు పడొద్దు, కానీ ఎక్కడ తగ్గించాలో టైలర్‌కి మీరే చెప్పాలి. లేకపోతే అలవాటు కొద్దీ కింద కత్తెర పెట్టేస్తాడు. నరసన్నపేట నుంచి ఒక అబ్బాయి తెచ్చిన హావోరి అలాంటిదే. కింద అంచంతా మంటల్లాంటి డిజైను. వాళ్ళ ఊళ్ళో ఎవరో నాలుగంగుళాలు కత్తిరించి మడతేశారు, డిజైనులో సగం పోయింది. అంచు మీద డిజైనుంటే కింద కత్తిరించకూడదు. బెల్టు వచ్చే చోట, నడుము దగ్గర అడ్డంగా ఒక టక్కు పట్టి పైకెత్తాలి. బెల్టు ఉంటే ఆ టక్కు దాని కింద దాగిపోతుంది. బెల్టు లేకపోతే భుజం కుట్టు విప్పి పైనుంచి ఎత్తాలి. చేతులు కూడా అంతే. కఫ్ దగ్గర బొత్తాలో పట్టీయో కుట్టి ఉంటే కఫ్‌ను విడదీసి, పైన గుడ్డ తగ్గించి, మళ్ళీ అదే కఫ్ వేయించాలి.

ప్యాంటుకి మీ చార్టులో నడుము "84-94" అని రెండంకెలున్నాయి. అంటే ఎలాస్టిక్ అన్నమాట, వదిలేస్తే 84, సాగదీస్తే 94. మీ 86కి బాగానే ఉంటుంది. మీరు సీటు కొలత, అంటే పిరుదుల చుట్టుకొలత రాయలేదు. అది ముఖ్యం. నడుము సరిపోయి సీటు పట్టేసిన ప్యాంటు వేసుకుని కింద కూర్చుంటే ఎక్కడ చిరుగుతుందో చెప్పక్కర్లేదు. సీటు ఎక్కువ వెడల్పున్న చోట కొలిచి, దాని మీద కనీసం రెండున్నర అంగుళాలు ఎక్కువుందా లేదా చూడండి. వదులు ప్యాంటు కాబట్టి ఉంటుందనే అనుకుంటున్నాను.

ఇక కొలిచే తీరు. ఎవరికి వాళ్ళు కొలుచుకోవద్దు. చెయ్యి ఎత్తితే ఛాతీ మారిపోతుంది, వంగి అంకె చూస్తే నడుము మారిపోతుంది. ఇంకొకరిచేత కొలిపించుకోండి. డ్రస్సు లోపల ఏం వేసుకుంటారో అదే వేసుకుని నిలబడండి. టేపు వీపు వెనక కిందికి జారకుండా నేలకు సమాంతరంగా ఉండాలి. షోల్డర్ వెనక నుంచి కొలవాలి, ఒక భుజం ఎముక చివర నుంచి మెడ కింద మీదుగా రెండో ఎముక చివరికి. ఇంట్లో పాత ప్లాస్టిక్ టేపుంటే ముందు స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూడండి, వాడగా వాడగా అవి సాగిపోతాయి. ఏ కిట్టుతోనో వచ్చిన చైనా టేపయితే ఇంకా జాగ్రత్త. కొన్నింటికి ఒక వైపు చైనా సంప్రదాయ కొలత ఉంటుంది, అందులో ఒక గడి దాదాపు 3.3 సెంటీమీటర్లు. అంగుళాలనుకుని కొలిస్తే లెక్కంతా తప్పుతుంది. అసలు సెంటీమీటర్ల వైపే కొలిచి సెంటీమీటర్లలోనే రాసుకుంటే ఏ గొడవా లేదు.

మీది కోటు రకం కాబట్టి ఇంతవరకు చెప్పింది సరిపోతుంది. కానీ ఇదే ప్రశ్నతో ఇక్కడికి వచ్చే మిగతావాళ్ళకి వేరే రకాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పై సలహా అన్నిటికీ పనికిరాదు.

ఒంటికి అతుక్కునే సూపర్ హీరో సూట్లు, అంటే తల నుంచి పాదం వరకు ఒకే ముక్కగా వచ్చే స్పాండెక్స్ సూట్లకి లెక్క తిరగబడుతుంది. వాటిని ఒంటి కన్నా చిన్నగానే కోస్తారు, సాగి పట్టుకోవాలని. అక్కడ పెద్ద సైజు తీసుకుంటే మోకాళ్ళ దగ్గర, చంకల్లో ముడతలు పడి డ్రస్సు అందమే పోతుంది. వీటికి ఛాతీ కన్నా ముఖ్యమైన కొలత ఒకటుంది, చార్టుల్లో చాలాసార్లు ఇవ్వరు. భుజం మధ్య టేపు పెట్టి, ముందు నుంచి కిందికి, కాళ్ళ మధ్యలోంచి వెనక్కి, వీపు మీదుగా మళ్ళీ అదే భుజానికి. ఈ చుట్టుకొలత సూటులో తక్కువైతే నిలబడ్డప్పుడు బాగానే ఉంటుంది, కూర్చోగానే భుజాలు కిందికి గుంజుతాయి, వీపు జిప్పు పళ్ళు విడిపోతాయి. కంటోన్మెంట్ వైపు నుంచి డాన్సు చేసే ఒక కుర్రాడు అలాంటి సూటు తెచ్చాడు. సన్నటి మనిషి, ఛాతీ ప్రకారం ఎస్ తెప్పించుకున్నాడు. కానీ మొండెం పొడవు. నడుము దగ్గర అడ్డంగా కోసి, అదే రంగు సాగే గుడ్డ పట్టీ వేసి, పైన బెల్టు పెట్టాం. ఆ పాత్రకి బెల్టుంది కాబట్టి సరిపోయింది. సైజు ఎంచుకునేటప్పుడే మొండెం కొలత అమ్మేవాళ్ళని అడిగుంటే ఈ పని ఉండేది కాదు. స్పాండెక్స్‌లో రెండు సైజుల మధ్య ఊగుతుంటే పొడవు మొండెంవాళ్ళు పెద్దది, మిగతావాళ్ళు చిన్నది తీసుకోండి.

అమ్మాయిల డ్రస్సులు. లోపల ఏ ఇన్నర్ వేసుకుంటారో అది వేసుకునే ఛాతీ కొలవాలి. ప్యాడున్నదానికీ లేనిదానికీ అంగుళం పైనే తేడా వస్తుంది. ఛాతీ కింద చుట్టుకొలత కూడా విడిగా రాసుకోండి, కార్సెట్ లాంటి బిగువు పైభాగం ఉన్న గౌన్లకి అదే కీలకం. బొబ్బిలి నుంచి ఒకమ్మాయి తెచ్చిన గౌనుకి ఛాతీ సరిపోయింది, నడుము దగ్గర జిప్పు రెండంగుళాలు కలవలేదు. పక్కల్లో గుడ్డ లేదు. జిప్పు తీసేసి, మన లంగా ఓణీ జాకెట్టుకి డోరీ పెట్టినట్టు రెండు వైపులా లూపులు కుట్టి తాడుతో అల్లాం. లోపల అదే రంగు గుడ్డ వెడల్పు పట్టీ వేశాం, వీపు కనబడకుండా. ఆ పాత్ర కాలం, తీరు కూడా అలాంటివే కాబట్టి అచ్చం అలాగే కుట్టినట్టుంది. వీపు జిప్పున్న గౌన్లకి ఈ దారి ఉంటుంది, గుర్తుపెట్టుకోండి. ముందు బొత్తాలున్నవాటికి ఉండదు.

పిల్లలకి 110, 120, 130 అని సైజులుంటాయి. అవి సెంటీమీటర్లలో ఎత్తు, వయసుతో సంబంధం లేదు. "ఆరేళ్ళకి" అని రాసినవి నమ్మకుండా గోడకి నిలబెట్టి గీత గీసి కొలవండి. రెండింటి మధ్య ఉంటే పెద్దది. ఎదిగే పిల్లలు, వచ్చే ఏడు స్కూల్ యానివర్సరీకీ పనికొస్తుంది.

ఫోమ్‌తో కవచం వేసుకునేవాళ్ళు ఒక లెక్క మరచిపోతుంటారు. ఛాతీ చుట్టూ 10 మిల్లీమీటర్ల ఫోమ్ చుట్టి, దాని పైన కోటు వేయాలంటే చుట్టుకొలత దాదాపు 6.3 సెంటీమీటర్లు, అంటే రెండున్నర అంగుళాలు పెరుగుతుంది. చేతికి చుట్టినా అంతే పెరుగుతుంది, మనిషి సన్నమైనా లావైనా. కాబట్టి ఫోమ్ తొడుక్కునే కొలుచుకోవాలి.

విగ్గు గురించి టెన్షన్ అక్కర్లేదు. నుదుటి మీద నుంచి చెవుల పైగా తల చుట్టూ కొలవండి. 54-58 సెంటీమీటర్ల మధ్య ఉంటే మామూలు విగ్గు సరిపోతుంది, వెనక కొక్కేలతో సర్దుకోవచ్చు. పొడవు జుట్టున్నవాళ్ళు జడ సన్నగా అల్లి తల చుట్టూ పరిచి, క్యాప్ వేసుకుని అప్పుడు కొలవాలి. బూట్లకి పాదం పొడవు సెంటీమీటర్లలో కొలిచి రెండింతలు చేసి పది తీసేయండి. 26 సెంటీమీటర్లయితే 42. చైనా బూట్ల అంకె అదే. సాయంత్రం పూట, సాక్సుతో కొలవండి.

ఒక్క సైజూ మీకు కుదరడం లేదనుకోండి. ఛాతీ ఎక్స్‌ఎల్, భుజం ఎమ్ అలా. అప్పుడు చాలామంది అమ్మకందారులు సొంత కొలతలకి కుట్టి పంపే వీలు ఇస్తారు. కొంచెం ఎక్కువ డబ్బు, ఎక్కువ రోజులు, తిప్పి పంపడం ఉండదు. కొలతలు పంపేటప్పుడు "ఇవి ఒంటి కొలతలు" అని స్పష్టంగా రాయండి. లేకపోతే మీరిచ్చిన 96 ఛాతీకి సరిగ్గా 96 కోటే వస్తుంది.

మీ విషయంలో ఇంకో సలహా. కోటు, ప్యాంటు, విగ్గు ఆన్‌లైన్‌లో తీసుకుని హావోరి మాత్రం ఇక్కడే కుట్టించుకోవచ్చు. అది దాదాపు నిలువు ముక్కలే, షోల్డర్ ఫిట్టింగుతో పని లేదు, చంక రౌండు కష్టం లేదు. మీ పొడవుకి సరిగ్గా వస్తుంది. ఒకే రంగో, గళ్ళో అయితే గుడ్డ మన బజార్లోనే దొరుకుతుంది. మీ పాత్రకి అంచు ప్రింటు ఉంటే మాత్రం సెట్టులో వచ్చిందే వాడండి.

ఎప్పుడు ఆర్డర్ పెట్టాలన్నది కూడా సైజుతో ముడిపడిన సంగతే. ఆల్టరేషన్‌కి టైము ఉండాలి కదా. దసరా ముందు నుంచి మా టైలర్లెవరూ ఖాళీగా ఉండరు. విజయనగరంలో దసరా అయ్యాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఆ తర్వాత కార్తీకం పెళ్ళిళ్ళు, వెంటనే సంక్రాంతి బట్టలు. శ్రీకాకుళంలోనూ అంతే. చేతిలో పెళ్ళి జాకెట్లున్న టైలర్ దగ్గరికి వెళ్ళి హావోరి టక్కు పెట్టమంటే సంచీలో పడేసి మరచిపోతాడు. వినాయకచవితి నాటికి డ్రస్సు మీ చేతిలో ఉండేలా చూసుకోండి. చొక్కాలు మాత్రమే కుట్టే చోటికి కాకుండా సూట్లు, సఫారీలు, లేదా డాన్సు డ్రస్సులు కుట్టే చోటికి తీసుకెళ్ళండి. లైనింగున్న కోటు విప్పడం వాళ్ళకే తెలుసు. ఇస్త్రీ చేసేటప్పుడు పైన పల్చటి నూలు గుడ్డ వేయమనండి, పాలిస్టర్ కరిగిపోతుంది.

పార్సిల్ రాగానే ట్యాగులు తీయకుండా అన్నీ ఒకేసారి వేసుకుని చూడండి. లోపలి బనియన్‌తో సహా. రెండు చేతులు పైకెత్తండి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి, నాలుగు మెట్లెక్కండి, కత్తి పట్టే పోజు ఇవ్వండి. ఎక్కడ పట్టేసిందో అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టి టైలర్‌కి చూపించండి. తిప్పి పంపాల్సి వచ్చినా ఆ రోజే తేలిపోతుంది. ఆమదాలవలసలో రైలెక్కే రోజు చూసుకుంటే చేసేదేముండదు. సంచీలో మాత్రం అదే రంగు దారం, సూది, నాలుగు పిన్నీసులు పెట్టుకోండి.

ఆర్డర్ పెట్టేముందు సీటు కొలత, తొడ కొలత, ఎక్స్‌ఎల్ గడిలో కోటు పొడవు ఎంతుందో ఇక్కడ రాయండి. కోటు ఎంత ఎత్తాలో, నడుము దగ్గర ఎత్తాలో కింద ఎత్తాలో లెక్కేసి చెప్తాను.